చెరువు నీటిమట్టం ఎంత ఉంచాలో ఎవరు తేల్చాలి?

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా ఆత్మకూరు ప్రాంతం. మా చెరువు కింద సుమారు 300 ఎకరాల ఆయకట్టు ఉంది. నిండితే తమ పొలాలు మునుగుతున్నాయని చెరువు లోపలి అంచున సాగుచేసే లోతట్టు రైతులు మట్టాన్ని ఒక అడుగు తగ్గించమంటున్నారు. చివరి ఆయకట్టువారు కలుజు (చెరువు నిండాక మిగులు నీరు పొర్లిపోయే కట్టడం) మీద ఇసుక బస్తాలు వేసి ఇంకొంత నిలపమంటున్నారు. వేసవిలో తూము మూసెయ్యాలని చేపల సొసైటీవారి పట్టు. దీన్ని ఎలా తేల్చుకోవాలి?

జవాబు: ఇసుక బస్తాల సంగతి మాత్రం సభలో చర్చకే పెట్టకండి. కలుజు ఎత్తు కట్ట బలాన్ని, వరద పోయే దారిని లెక్కగట్టి ఇంజనీర్లు పెట్టినది. మన జిల్లాలో ప్రధాన వర్షాలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, తరచు వాయుగుండాలతో, ఒక్కసారిగా పడతాయి కాబట్టి, ఊరంతా ఒప్పుకున్నా కలుజుకు అడ్డం వేయడం కట్ట తెగడానికి దారి తీయవచ్చు.

మిగిలిన రెండు కోరికలూ కూర్చుని తేల్చుకోదగినవే. వాదన అంతా ఒక అడుగు చుట్టూనే తిరుగుతోంది గనుక ఆ అడుగులో ఎంత నీరుందో అందరికీ తెలియాలి. చెరువు గిన్నెలా పైకి పోయేకొద్దీ విశాలమవుతుంది. నేల దగ్గరి అడుగు కంటే పై అడుగులో నిల్వ చాలా ఎక్కువ. నిండినప్పుడు నీరు 200 ఎకరాల్లో పరచుకుంటుందనుకుంటే, పై అడుగులో దాదాపు 200 ఎకరా-అడుగుల నీరుంటుంది (ఎకరం మీద అడుగు లోతు నిలిచే నీరు ఒక ఎకరా-అడుగు). వరికి నాట్ల నుంచి కోత దాకా సుమారు 1,200 మిల్లీమీటర్లు, అంటే దాదాపు 4 అడుగులు కావాలి. వానతో కలిసివచ్చేదాన్నీ, ఆవిరి, కాలువ నష్టాలనూ పక్కన పెడితే ఆ ఒక్క అడుగు 50 ఎకరాల వరికి సమానం. మీ చెరువు లోతు–నిల్వ పట్టికను జలవనరుల శాఖ ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) గారిని అడిగి తెచ్చుకుని, తూము దగ్గర అడుగుల గుర్తులు ఎర్ర రంగుతో వేయించండి. ఆపై ఏ రోజు మట్టమెంతో ఎవరైనా చూసి చెప్పగలరు.

1997 నాటి రైతుల నీటిపారుదల నిర్వహణ చట్టం ప్రకారం ఈ నిర్ణయాలకు, వంతుల పట్టికకు వేదిక నీటి వినియోగదారుల సంఘమే. అందులో ఓటు ఆయకట్టు రైతులది. అయినా లోతట్టు రైతులను, చేపల సొసైటీని, పశువులు తోలేవారిని, కౌలుదారులను పిలవకుండా చేసిన తీర్మానం కాగితం మీదే మిగులుతుంది. రాత్రిపూట తూము తలుపు ఎత్తేది సాధారణంగా సభకు రానివారే. సభలో ముందుగా చివరి ఆయకట్టు రైతులను మాట్లాడనివ్వండి. తల ఆయకట్టువారు మొదలుపెడితే మిగిలినవారు నోరు మెదపరు, ఇది చాలా ఊళ్లలో చూసేదే.

సభ రెండుసార్లు జరపాలి. నారుమళ్లు పోయకముందు తూము తెరిచే తేదీ, వంతులు తేల్చండి. వర్షాలు వెనక్కి పోయాక, జనవరిలో, అప్పటి మట్టం చూసి ఎడగారుకు, అంటే రెండో పంటకు, ఎన్ని ఎకరాలో, చేపలకూ పశువులకూ ఎన్ని అడుగులు వదలాలో ఖాయం చేయండి. నీరు తక్కువైతే రెండో పంటగా వరి బదులు మినుము, పెసర వేయించడం మేలు. వాటికి వరి నీటిలో నాలుగో వంతు సరిపోతుంది.

లోతట్టు పొలాలు పట్టా భూములా, చెరువు శిఖమా (చెరువు గర్భంలోని ప్రభుత్వ భూమి) అన్నది మాత్రం సభకు ముందే రెవెన్యూ రికార్డుల్లో చూపించండి. పట్టా అయితే ముంపు నష్టానికి ఏదో ఒక సర్దుబాటు చూపకుండా వారిని ఒప్పించడం న్యాయం కాదు.