పార్కు బెంచీ మీద కూర్చోబోయే మనుమరాలికి

చిరంజీవి మనుమరాలికి తాత ఆశీస్సులు.

మన మహబూబ్‌నగర్ పార్కులో రోజూ కనబడే మనుషుల గురించి, అక్కడే తలదాచుకునే ఇల్లు లేనివారి గురించి కాలేజీకి నివేదిక రాయాలని, ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పమని అడిగావు. శాస్త్రం నాకు రాదు కానీ, 2011 జనాభా లెక్కలలో ఫిబ్రవరి 28 రాత్రి ఇల్లు లేనివారిని లెక్కించే పని ఉపాధ్యాయుడిగా నాకు పడింది.

ఆ రాత్రి నేను చేసిన తప్పు ముందుగా చెబుతాను. రోడ్డు పక్కన, మెట్ల కింద, హ్యూమ్ పైపులనే పెద్ద సిమెంటు గొట్టాలలో, గుడి మండపాలలో బతికేవారిని రాసుకొమ్మంటే, నేను చినిగిన బట్టలు, మాసిన గడ్డాలు వెతుక్కుంటూ నడిచాను. ఉతికిన చీర కట్టుకొని, ఒళ్లో సంచి పెట్టుకొని బెంచీ మీద కూర్చున్న ఒక పెద్దావిడను బస్సు కోసం ఆగిందనుకొని దాటిపోయాను. కొన్నాళ్లకు ఆమె అదే పార్కు నల్లా దగ్గర, సగం చీర ఒంటి మీదనే ఉంచుకొని, తడిపిన మిగతా సగాన్ని రెండు చేతులతో ఎండకు పట్టుకొని కనిపించింది. దేశమంతటా ఆనాడు తేలిన 17 లక్షల పైచిలుకు మందిలో ఆమె లేదు.

అందుకే ఒక్కపూట చూసి ఎవరినీ ఏమీ అనుకోవద్దు. ఒకే బెంచీ మీద తెల్లవారుజామున, మిట్టమధ్యాహ్నం, గేటు మూసే వేళ కనీసం పది రోజులు కూర్చో. పొద్దున నడకకు వచ్చేవారి గురించి రెండు వాక్యాలు చాలు. మధ్యాహ్నం చెట్టు కింద నిద్రపోయేవాడు అడ్డా మీద పని దొరకని కూలీ కావచ్చు; పక్కన సద్దిగిన్నె ఉంటుంది, పొద్దుగూకితే ఊరికి పోతాడు. ముంబై దాకా పోయి కష్టం చేసిన పాలమూరు కూలీని, కాసేపు నడుము వాల్చినందుకే దిక్కులేనివాడని రాస్తే అన్యాయం. ఇల్లు లేనివారి ఆనవాలు బట్టలలో కంటే మూటలో దొరుకుతుంది: నడి ఎండాకాలంలోనూ అందులో బొంత ఉంటుంది, కాగితాలకు పాలిథిన్ కవరు చుట్టి ఉంటుంది, పడుకునేటప్పుడు చెప్పులు తల కిందికి చేరతాయి.

ఫోటోలు తీయవద్దు, వారి ముందు నోటుపుస్తకం తెరవవద్దు. ఇంటికి వచ్చి రాసుకో, పేర్లు మాత్రం రాయకు. ఇల్లెందుకు విడిచారని అడిగితే మాట అక్కడే ఆగిపోతుంది. రాత్రి వాన వస్తే ఎటు పోతారని అడుగు, అన్నీ వాళ్లే చెబుతారు. చీకటి పడ్డాక తోడు లేకుండా ఎవరి వెనుకా పోవద్దు.

మతిస్థిమితం లేక తిరుగుతున్నవారు కనబడితే పోలీసు స్టేషనులో చెప్పు. అటువంటివారిని రక్షణలోకి తీసుకోవడం పోలీసుల బాధ్యత అని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 100వ సెక్షన్ చెబుతోంది. వృద్ధుల కోసం ఉన్న సహాయవాణి 14567కు ఫోన్ చేయవచ్చు, కానీ వారిని అడగకుండా చేయకు.

ఆదివారం అయిదున్నరకు నేనూ వస్తాను. నా మోకాళ్లకు గేటు దగ్గరి బెంచీయే గతి, నువ్వు నల్లా కనబడేచోట కూర్చో.

మీ తాత