కల్చర్‌లో ఏమీ రాలేదంటే జబ్బు లేనట్టేనా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మా పాపకు ఇప్పుడు 12 రోజులు. పుట్టిన మర్నాడు పాలు సరిగా తాగక, ఆయాసపడుతుంటే నవజాత శిశు విభాగంలో చేర్చుకున్నారు. రక్తపరీక్షలో సిఆర్‌పి కొంచెం ఎక్కువగా ఉందన్నారు. రక్తంలో బ్యాక్టీరియా పెరుగుతుందేమో చూసే కల్చర్ పరీక్షకు పంపి, వెంటనే యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. రెండు రోజుల తర్వాత కల్చర్‌లో ఏమీ పెరగలేదని చెప్పి, మందులు ఆపేసి ఇంటికి పంపారు. లేని జబ్బుకు మందులు ఇచ్చారా? లేక ఉన్న జబ్బు పరీక్షకు దొరకలేదా? మధ్యలో ఆపడం ప్రమాదం కాదా?
- ఒక పాఠకురాలు

జవాబు: చివరి ప్రశ్న ముందు తీసుకుంటాను. మీ భయమంతా అక్కడే ఉన్నట్టుంది. బిడ్డ కోలుకుని పాలు తాగుతుంటే, ఊపిరి కుదుటపడితే, 36 నుంచి 48 గంటలు గడిచినా కల్చర్‌లో ఏమీ పెరగకపోతే యాంటీబయాటిక్ ఆపేయడమే సరైన పద్ధతి. ‘కోర్సు మధ్యలో మానేయకండి’ అని పెద్దవాళ్లకు మేమే పదేపదే చెబుతాం కనుక మీకిది వింతగా తోచింది. ఆ మాట నిర్ధారణ అయిన జబ్బుకు. మీ పాపకు మందు మొదలుపెట్టింది అనుమానం మీద. అనుమానం తీరింది, ఆపారు.

అనుమానం మీదే ఇంజెక్షన్లు ఇచ్చేస్తారా అంటే, ఇంత చిన్న బిడ్డకు ఇవ్వాల్సిందే. రక్తంలోకి బ్యాక్టీరియా చేరిన పసిబిడ్డలో బయటికి కనిపించేవి పాలు తాగకపోవడం, మగత, ఆయాసం, ఒళ్లు వేడెక్కడం లేదా చల్లబడటం. ఊపిరితిత్తుల్లోని ద్రవం ఇంకకపోయినా, రక్తంలో చక్కెర తగ్గినా, గుండెలో పుట్టుకతో లోపమున్నా వీటిలో కొన్ని కనిపిస్తాయి. చూడగానే ఇది ఫలానా అని తేల్చడం ఎంత అనుభవమున్న వైద్యుడికైనా కష్టం. తేలేదాకా ఆగితే, నిజంగా ఇన్‌ఫెక్షన్ ఉన్న బిడ్డ పరిస్థితి గంటల్లో చేయిదాటిపోవచ్చు. అందుకే రక్తం తీసిన వెంటనే మొదటి డోసు ఇచ్చేస్తాం.

ఇక సిఆర్‌పి. దాన్ని చూసి తల్లిదండ్రులు పడే కంగారు అంతా ఇంతా కాదు. ఒంట్లో ఎక్కడ వాపు, ఒత్తిడి ఉన్నా కాలేయం తయారుచేసే ప్రోటీన్ అది. కాన్పు కష్టమైనా, పుట్టగానే బిడ్డకు ఊపిరి అందకపోయినా పెరుగుతుంది. పైగా ఇన్‌ఫెక్షన్ మొదలైన 6 నుంచి 12 గంటలకు గానీ పెరగదు. ఒకసారి ఎక్కువగా వచ్చిందని దానికి సూక్ష్మజీవి పేరు పెట్టలేం. ఒకటికి రెండుసార్లు చేసినా మామూలుగానే ఉంటే మాత్రం మనసు కొంత నిమ్మళిస్తుంది.

కల్చర్ పద్ధతి వేరు. రక్తాన్ని పోషక ద్రవం ఉన్న సీసాలో వేసి, శరీరపు వేడిలో ఉంచి, అందులో బతికున్న బ్యాక్టీరియా ఉంటే పెరగనిస్తారు. పెరుగుతూ అవి వదిలే కార్బన్ డయాక్సైడ్‌ను యంత్రం రాత్రింబవళ్లు గమనిస్తూ ఉంటుంది. నిజమైన ఇన్‌ఫెక్షన్ అయితే చాలావరకు 36 గంటల్లోపే హెచ్చరిక వచ్చేస్తుంది. రెండు రోజుల తర్వాత వచ్చిన మీ రిపోర్టుకు అందుకే అంత విలువ.

ఉన్నది దొరక్కపోయే అవకాశం లేదా? ఉంది. అది చాలావరకు రక్తం ఎంత తీశారన్న దాని మీద ఆధారపడుతుంది. సీసాలో కనీసం 1 మిల్లీలీటరు పడాలి. కిలో బరువున్న నెలతక్కువ బిడ్డ ఒంట్లో ఉండే మొత్తం రక్తమే 80 నుంచి 90 మిల్లీలీటర్లు. దారంలాంటి నరం నుంచి అందులో 1 మిల్లీలీటరు తీయడం ఎంత కష్టమో తీసినవాళ్లకే తెలుసు. అలాగని సగంతో సరిపెడితే, బ్యాక్టీరియా పలచగా ఉన్నప్పుడు ఆ కాస్త రక్తంలోకి ఒక్కటీ రాకపోవచ్చు. కాన్పుకు ముందు తల్లికి యాంటీబయాటిక్ పడినా కల్చర్‌లో పెరుగుదల అణగిపోవచ్చు. మెదడు పొరలకు ఇన్‌ఫెక్షన్ సోకినప్పుడు కూడా కొందరు బిడ్డల రక్తంలో ఏమీ దొరకదు, వెన్నునీరు పరీక్షించాల్సి వస్తుంది. అందువల్ల రిపోర్టు ఎలా ఉన్నా, బిడ్డ వాలిపోయి ఉంటే మందులు ఆపం. మీ పాప కోలుకుంది కనుకనే ఆపారు.

లేనిది ఉన్నట్టు రావడం ఇంకో తలనొప్పి. చర్మం మీద మామూలుగా ఉండే కొన్ని స్టెఫైలోకాకస్ బ్యాక్టీరియా రకాలు సూదితో పాటు సీసాలోకి చేరిపోతాయి. సూది గుచ్చేచోట మందుతో తుడిచి, అది ఆరేదాకా ఆగాలి. ఆ కాస్త ఓపిక లేకపోవడం వల్ల ఎందరో బిడ్డలు అనవసరంగా రోజుల తరబడి ఆసుపత్రిలో ఉండిపోతారు. అదే ఇ.కోలై, క్లెబ్సియెల్లా వంటి బ్యాక్టీరియా పెరిగితే అది నిజమైన ఇన్‌ఫెక్షనే, సందేహించే పనిలేదు. ఏ మందుకు లొంగుతుందో చూసి, సాధారణంగా 7 నుంచి 14 రోజులు, మెదడు పొరలకు పాకితే ఇంకా ఎక్కువ రోజులు ఇస్తాం.

‘ఎందుకైనా మంచిది, ఇంకో వారం ఇవ్వండి’ అనే బంధువులు ప్రతి ఇంట్లోనూ ఉంటారు. వాళ్ల మాట వినకండి. అవసరం లేని యాంటీబయాటిక్ పేగుల్లోని మంచి బ్యాక్టీరియాను చెదరగొడుతుంది. నెలతక్కువ పిల్లలకు ఎక్కువ రోజులు ఇస్తే ప్రమాదకరమైన పేగువాపు జబ్బు ముప్పు పెరుగుతుందని పరిశీలనలు చూపించాయి.

మీరు చేయాల్సిన పని ఒకటి మిగిలి ఉంది. రెండు రోజులకు ఇచ్చేది తొలి రిపోర్టు. మామూలుగా సీసాను 5 రోజులు ఉంచాకే తుది రిపోర్టు ఇస్తారు. అది తీసుకున్నారో లేదో చూసుకుని, లేకపోతే ఆసుపత్రిలో అడిగి పాప కాగితాలతో పాటు దాచండి. రక్తం మొదటి డోసుకు ముందే తీశారా, ఎంత తీశారు అన్నవి కూడా అడగవచ్చు, అందులో మొహమాటం అక్కర్లేదు.

మొదటిసారి ఏమీ రాలేదు కదా అని నిశ్చింతగా ఉండిపోకండి, కొత్త ఇన్‌ఫెక్షన్ నెలలోపు ఎప్పుడైనా రావచ్చు. పాప పాలు మానేసినా, లేపితే తప్ప కదలకపోయినా, నిమిషానికి 60 లేదా అంతకన్నా ఎక్కువసార్లు ఊపిరి తీస్తున్నా, పక్కటెముకల కింద లోపలికి గుంజుతున్నా, మూర్ఛ వచ్చినా, 38 డిగ్రీల సెల్సియస్ లేదా అంతకు మించిన జ్వరం ఉన్నా, ఒళ్లు చల్లబడినా తెల్లవారేదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. బయల్దేరే ముందు ఇంట్లో ఉన్న యాంటీబయాటిక్ చుక్కలు మాత్రం వేయకండి. అవి జబ్బును తగ్గించలేకపోగా, అక్కడ తీయబోయే కల్చర్‌ను పాడుచేస్తాయి.