కొట్టేసిన గీతలే ముందు చూడు, చిన్నీ

చిన్నీ,

నువ్వు సిటీ కౌన్సిల్‌కి గెలిచావని మీ అమ్మ ఫోన్‌లో చెబితే ఆ రోజంతా కనిపించినవాళ్ళందరికీ చెప్పుకుని మురిసిపోయాను. ఆ తర్వాత, మీ ఊరి జనరల్ ప్లాన్ మొత్తం తిరగరాసే పని ఈ కౌన్సిల్‌కే వస్తోందని తెలిసింది. అప్పట్నుంచి నాకు టెన్షన్. వచ్చే ఇరవై ఏళ్ళు ఊరు ఎటు పెరగాలో తేల్చే కాగితం అది. నేను కాలిఫోర్నియాలో ఉద్యోగం చేసినన్నాళ్ళూ ప్లానింగ్ డిపార్ట్‌మెంట్‌లో రోడ్ల లెక్కలు చూసినవాణ్ణి, కాబట్టి ఏం చెప్పినా చివరికి రోడ్ల దగ్గరికే వస్తాను. కాస్త ఓర్చుకో.

ప్రతి విషయం మీదా సిటీ ఉద్యోగులు రాసిచ్చే స్టాఫ్ రిపోర్ట్ మీటింగ్‌కి ముందురోజే చదువు. జనం మైకు ముందు మాట్లాడుతుంటే ఫోన్ చూడకు. అర్థం కానిది అక్కడే అడుగు. ఇవి నీకు తెలిసినవే.

వాట్సాప్ సంగతి మాత్రం గట్టిగా చెప్పాలి. మీరు ఐదుగురు. ముగ్గురు కలిస్తే మెజారిటీ. ఓటుకి రాబోయే విషయం గురించి ఆ ముగ్గురూ మీటింగ్ బయట మాట్లాడుకుంటే, 1953 నుంచి కాలిఫోర్నియాలో ఉన్న బ్రౌన్ యాక్ట్ ప్రకారం తప్పు, కౌన్సిల్ మాటలు జనం ముందే జరగాలనే చట్టం అది. ఒకే గదిలో కూర్చోనక్కర్లేదు, నువ్వు ఒకరికి మెసేజ్ పెట్టి, ఆయన దాన్ని ఇంకొకరికి పంపినా అదే లెక్క. నీ నోట్లో నువ్వుగింజ నానదు కదా, అందుకే ఇంత చెబుతున్నాను.

ఇక ప్లాన్. భూమి వాడకం, రోడ్లు, ఇళ్ళు, ప్రకృతి వనరులు, ఖాళీ స్థలాలు, శబ్దం, భద్రత అని చట్టం అడిగే అధ్యాయాలు ఏడు ఉంటాయి. గొడవంతా ఇళ్ళ అధ్యాయం, అదే హౌసింగ్ దగ్గరే. అది చాలాచోట్ల ఎనిమిదేళ్ళకోసారి తిరగరాయాలి, ఎన్ని ఇళ్ళకి చోటు చూపించాలో లెక్క పైనుంచి వస్తుంది. 2023 నుంచి 2031 దాకా ఒక్క శాన్‌ఫ్రాన్సిస్కో బే ఏరియాకే 4,41,176 ఇళ్ళని తేల్చారు. ఆ రాత్రుల్లో హాలు నిండిపోతుంది, అరుపులు వినపడతాయి, మీరందరూ జాగ్రత్తగానే ఉంటారు. రోడ్లు, భద్రత అధ్యాయాలు వచ్చే రాత్రి హాల్లో పట్టుమని పదిమంది ఉండరు. నా భయమంతా ఆ ఖాళీ కుర్చీల రాత్రి గురించే.

ఒక ఊళ్ళో జరిగింది చెబుతాను, పేరు వద్దు. కొండ మీద ఇళ్ళు, పైకి ఒకటే రోడ్డు. పాత ప్లాన్ మ్యాపులో కొండకి అవతలివైపు దిగడానికి ఇంకో రోడ్డుకని చుక్కల గీత ఉండేది. వేసిన రోడ్డు కాదు, ఎప్పటికైనా వెయ్యాలని పెట్టుకున్న చోటు. అవతల కింద ఉన్న వీధివాళ్ళకి సంగతి తెలిసి, అందరూ ఒకే రంగు టీషర్టులు వేసుకుని మీటింగ్‌కి వచ్చారు. పిల్లలు సైకిళ్ళు తొక్కే వీధిలోకి కార్లు వస్తాయన్నారు. అబద్ధం కాదు, వస్తాయి. కొండ మీదివాళ్ళు ఒక్కరూ రాలేదు, తమకి సంబంధించిన విషయమని వాళ్ళకి తెలిస్తే కదా. మంటలొస్తే దిగడానికి ఒకటే దారి మిగులుతుందన్న మాట స్టాఫ్ రిపోర్ట్‌లో లేకపోలేదు, చివరి అటాచ్‌మెంట్‌లో ఉంది. అక్కడిదాకా ఎవరు చదువుతారు? కౌన్సిల్ ఆ గీత తీసేసింది. హాలంతా చప్పట్లు.

తర్వాత ఏమైందో చూడు. కొత్త లేఅవుట్ ఏదైనా జనరల్ ప్లాన్‌కి లోబడి ఉండాలి. గీత ఉన్నంతకాలం, అక్కడ లేఅవుట్ వేసేవాణ్ణి రోడ్డుకి స్థలం వదలమని అడగొచ్చు. గీత లేనప్పుడు ఏ ముఖం పెట్టుకుని అడుగుతాం? ఆ స్థలాన్ని ప్లాట్లు చేసి అమ్మేశారు. రోడ్డు రావాల్సిన చోట ఇప్పుడొకరి గరాజ్ ఉంది. కొన్నేళ్ళకి ఒక రాత్రి ఎండుగడ్డి అంటుకుంది. ఇళ్ళు ఖాళీ చెయ్యమన్నారు. దిగే కార్లన్నీ ఆ ఒక్క రోడ్డు మీదే, ఎదురుగా పైకెక్కాల్సిన ఫైరింజన్లు. గాలి అటు తిరిగింది కాబట్టి సరిపోయింది. 2018లో కాలిఫోర్నియాలోనే ప్యారడైజ్ అనే ఊరు తగలబడి ఆ మంటల్లో 85 మంది పోయాక, జనం కార్లలో ఇరుక్కుపోయిన ఆ వీడియోలు చూస్తుంటే నాకు ఆ కొండే గుర్తొచ్చేది.

2019లో ఒక చట్టం వచ్చింది. ప్రమాదం ఉన్న చోట్ల, బయటపడడానికి కనీసం రెండు దారులు లేని కాలనీలేవో భద్రత అధ్యాయంలో గుర్తించాలి. గుర్తించమందే గానీ రెండో రోడ్డు వెయ్యమనలేదు. జాబితా రాయగానే పని అయిపోయిందని స్టాఫ్ ముందుకెళ్ళిపోతారు. నువ్వు అక్కడ ఆపి, "మరి వీళ్ళకి ఏం చేస్తున్నాం?" అని అడగాలి.

డ్రాఫ్ట్ వచ్చినప్పుడు క్లీన్ కాపీతో సరిపెట్టుకోకు, రెడ్‌లైన్ కాపీ అడుగు. అండర్‌లైన్ ఉన్నది కొత్తగా చేర్చింది, అడ్డంగా కొట్టేసింది తీసేయబోయేది. క్లీన్ కాపీలో కొట్టేసినవి అసలు కనపడవు. కొట్టేసిన ప్రతి వాక్యం దగ్గరా, ముందు దీన్ని ఎందుకు పెట్టారు, తీసేయమని ఎవరన్నారు అని అడుగు. మ్యాపులకి ఈ అండర్‌లైన్లు గట్రా ఉండవు, పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి వేలితో పోల్చుకోవాల్సిందే.

అన్నట్టు, "అవన్నీ స్టాఫ్ చూసుకుంటారులే" అన్నావట మీ అమ్మతో. ఏం చూసుకుంటారమ్మా! వాళ్ళు రాస్తారు, ఓటేసేది నువ్వు. వాళ్ళు రిటైరై వెళ్ళిపోతారు, నాలాగా. ఆ వీధిలో రేపు నిన్నే ఆపి అడుగుతారు.

కోపంగా రాశాననుకోకు తల్లీ. చిన్నప్పుడు మా ఇంటికొస్తే నా పాత మ్యాపులు నేలమీద పరుచుకుని రంగులు వేసేదానివి. ఇళ్ళకి పసుపు, షాపులకి ఎరుపు అని ఎన్నిసార్లు చెప్పినా అన్నిటికీ ఆకుపచ్చే. ఊరంతా పార్కే అయితే జనం ఎక్కడుంటారే అంటే, చెట్ల కింద అనేదానివి. అలాంటిదానివి ఇవాళ నిజం మ్యాపు మీద ఓటేస్తున్నావంటే నాకు గర్వం ఉండదా? మీటింగ్ అర్ధరాత్రి దాటితే మాత్రం ఒక్కదానివే కారు నడుపుకుంటూ రాకు, అబ్బాయిని రమ్మను.

రెడ్‌లైన్ రాగానే నాకూ పంపు. అది జనం ముందు పెట్టే కాగితమే కాబట్టి తప్పేం లేదు. రోడ్లు, భద్రత అధ్యాయాలు నేను చదివి, అడగాల్సినవి రాసి పంపుతాను. హౌసింగ్ మాత్రం నువ్వే చదువుకో, ఆ పట్టికలు చూడడానికి నా కళ్ళు ఒప్పుకోవట్లేదు.

పెదనాన్న