‘ఐ హ్యావ్ ఎ డౌట్’ అనడం తప్పా?

డౌట్ అనే మాటను ప్రశ్న అనే అర్థంలో వాడొచ్చా అని కదా మీరడిగింది. మన దగ్గర వాడితే తప్పేం లేదు, అందరికీ అర్థమవుతుంది. అమెరికా, బ్రిటన్ వాళ్లతో మాత్రం వద్దు. నేను అనేసి ఇబ్బంది పడ్డాను కాబట్టి చెప్తున్నా.

మాదాపూర్‌లో మొదటి ఉద్యోగం, చేరి నాలుగు నెలలు కూడా కాలేదు. రాత్రి ఎనిమిదిన్నరకి క్లయింట్ కాల్. అవతలాయన డేటాబేస్ డిజైన్ వివరిస్తుంటే, అందులో ఒక టేబుల్ ఎందుకు పెట్టారో అర్థంకాక, అమీర్‌పేట కోచింగ్‌లో రోజూ అడిగిన అలవాటుకొద్దీ ‘ఐ హ్యావ్ ఎ డౌట్ అబౌట్ యువర్ డిజైన్’ అన్నాను. ఆయన కాసేపు ఆగి, ఎక్కడ తప్పుందో చెప్పమన్నాడు. తప్పేం లేదు, నాకు అర్థం కాలేదంతే! మా లీడ్ మేడమ్ కల్పించుకుని ‘షి హ్యాజ్ ఎ క్వశ్చన్’ అని సర్దిచెప్పారు. క్యాబ్‌లో ఇల్లు చేరేదాకా నాకు అదే టెన్షన్.

తర్వాత ఆలోచిస్తే తేడా తెలుగులోనే దొరికింది. ‘సార్, నాకో సందేహం’ అంటే తెలియనిది అడగడం. ‘నీ మాట మీద అనుమానంగా ఉంది’ అంటే నమ్మకపోవడం. ఇంగ్లిష్ డౌట్ ఈ రెండోదానికే దగ్గర. దాని మూలం లాటిన్‌లో ‘దుబితారే’, ఎటూ తేల్చుకోలేక ఊగిసలాడటం, రెండు అనే అర్థమున్న ‘దువో’కి చుట్టం. స్పెల్లింగ్‌లో మనం పలకని ‘బి’ కూడా అక్కడిదే. ఫ్రెంచ్ నుంచి ఇంగ్లిష్‌లోకి వచ్చినప్పుడు ఆ బి లేదు, లాటిన్ మూలం కనిపించాలని పండితులు తర్వాత చేర్చారు.

కాబట్టి అడగాల్సింది ఉంటే ‘ఐ హ్యావ్ ఎ క్వశ్చన్’ అనండి, చాలు.

అసలు చిక్కు ఇంకోచోట ఉంది, దీన్ని చాలామంది పట్టించుకోరు. ‘సర్వర్ డౌన్ అయిందేమోనని నా డౌట్’ అంటాం మనం, అయ్యే ఉంటుందని మన ఉద్దేశం. అదే మెయిల్‌లో ‘ఐ డౌట్ ద సర్వర్ ఈజ్ డౌన్’ అని రాస్తే, సర్వర్ బాగానే ఉందని మీరు అనుకుంటున్నట్టు, అంటే పూర్తిగా తలకిందులు! అవతలివాళ్లు సర్వర్ జోలికి పోకుండా ఇంకెక్కడో వెతుకుతారు. అలాంటప్పుడు ‘ఐ సస్పెక్ట్’ అనో ‘ఐ థింక్’ అనో రాయండి.