జట్టులో లేని పిల్లలూ నీ పిల్లలే

చిరంజీవి అమ్మలుకి,

పెదనాన్న ఆశీస్సులు. డీఎస్సీలో వ్యాయామ విద్య పోస్టు వచ్చిందనీ, జిల్లా పరిషత్ హైస్కూల్లో చేరబోతున్నావనీ మీ నాన్న ఫోన్ చేశాడు. మనింట్లో మళ్లీ ఒకరు విజిల్ పట్టుకుంటున్నారు, చాలా సంతోషంగా ఉంది.

చేరిన వారం నుంచే అందరూ నిన్ను అడిగేది ఒకటే: మండల పోటీల్లో కప్పులెన్ని తెస్తావు? ఎస్‌జీఎఫ్ (స్కూల్ గేమ్స్ ఫెడరేషన్) పోటీలకు పిల్లల్ని తయారుచేయాల్సిందే, అది మానకు. కానీ ఆట మీద పిచ్చి ఉన్న ఆ పదిమంది నువ్వు లేకపోయినా సాయంత్రం బంతి పట్టుకుని దిగుతారు. నువ్వు లేకపోతే నష్టపోయేది వేపచెట్టు కింద కూర్చుని మిగతావాళ్ల చెప్పులు కాపలా కాసే పిల్లలు. గేమ్స్ పీరియడ్ ముందుగా వాళ్లది. యాభైమందికి ఒక వాలీబాల్ ఇచ్చి పక్కన నిలబడితే పన్నెండుమంది ఆడతారు, మిగతావాళ్లు చూస్తారు. అందుకే క్లాసును ముక్కలు చెయ్యి. ఒక మూల తాడాట, ఒక మూల రింగ్, ఇంకోచోట ఏడుపెంకులాట. ఖోఖోకి రెండు గుంజలు, కాస్త ముగ్గు చాలు, పైసా ఖర్చు లేదు. 2025 జనవరిలో ఢిల్లీలో తొలి ఖోఖో ప్రపంచకప్ జరిగితే మగ, ఆడ జట్లు రెండూ మనవే గెలిచాయని పిల్లలకు చెప్పు, కళ్లు మెరుస్తాయి.

ఒక్క మాట గట్టిగా చెబుతున్నాను. ఆలస్యంగా వచ్చినవాడి చేత, హోంవర్కు చేయనివాడి చేత గ్రౌండు చుట్టూ రౌండ్లు కొట్టించకు, గుంజీలు తీయించకు. తోటి మాస్టార్లు 'కాస్త పరుగెత్తించండి మేడమ్' అని పంపుతారు. ఒప్పుకోకు. పరుగు శిక్ష అని చిన్నప్పుడే నేర్చుకున్న పిల్ల పెద్దయ్యాక నడకకు కూడా బయటికి రాదు. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక శిక్షను నిషేధించింది, హెడ్మాస్టరు గారికి వినయంగా ఆ మాట గుర్తుచెయ్యి.

ఇక ఆరోగ్యం. సిలబస్‌లో పాఠంగా ఉంటుంది కానీ అసలు కనబడేది గ్రౌండులోనే. ఖేలో ఇండియా ఫిట్‌నెస్ పరీక్షల్లో 600 మీటర్ల పరుగు ఉంటుంది. చాలామంది అంకెలు రాసి పంపేసి చేతులు దులుపుకుంటారు. నువ్వు మాత్రం ఆ పరుగును జాగ్రత్తగా చూడు. సగంలో ఆగి మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని రొప్పే ఆడపిల్లను బద్ధకస్తురాలు అనుకోకు. కింది కనురెప్ప లాగి చూడు, అరచేయి చూడు, పాలిపోయి ఉంటుంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 58 మందికి పైగా రక్తహీనత ఉందని తేలింది. వారానికొకటి ఇచ్చే నీలం ఐరన్ మాత్రను పిల్లలు గోడవతల పారేస్తారు, వికారంగా ఉంటుందని. భోజనమయ్యాక, నీ కళ్లెదుటే మింగించు. విరేచనం నల్లగా వస్తే భయపడొద్దని ముందే చెప్పు, మాత్ర వేసుకున్న వెంటనే టీ తాగొద్దని కూడా. మట్టిలో వట్టికాళ్లతో తిరిగితే కొంకి పురుగు లార్వా పాదాల గుండా ఒంట్లోకి పోయి పేగుల్లో రక్తం పీలుస్తుంది. కాబట్టి ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న ఇచ్చే నులిపురుగుల మాత్ర ఆల్బెండజోల్ ఎవరికీ తప్పిపోకుండా చూడు, ఆ రోజు రానివాళ్ల పేర్లు రాసిపెట్టుకో.

గొంతునొప్పి, జ్వరం వచ్చిపోయిన కొన్నాళ్లకు కీళ్ల నొప్పులతో కుంటుతూ నడిచే పిల్ల, నాలుగడుగులకే ఆయాసపడే పిల్ల ఉంటే ఆట ఆపించి వెంటనే పీహెచ్‌సీకి పంపు. గుండె కవాటాల జబ్బు అలాగే మొదలవుతుంది. పిల్లలకు ఆరోగ్య పరీక్షలు చేసే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందం బడికి వచ్చినప్పుడు నీ దగ్గర అలాంటి పిల్లల జాబితా సిద్ధంగా ఉంటే వాళ్ల పని సగం తేలిక. బంతి ఎప్పుడూ వదిలేసే పిల్లాడికి చూపు కూడా పరీక్ష చేయించు.

పొద్దున ప్రార్థనలో కళ్లు తిరిగి పడిపోయేవాళ్లు చాలావరకు ఏమీ తినకుండా వచ్చినవాళ్లే. డ్రిల్లు మొదలుపెట్టే ముందు 'ఏం తిన్నార్రా' అని అడిగే అలవాటు పెట్టుకో. భోజనం తర్వాతి మొదటి పీరియడ్ గేమ్స్‌కి వేస్తే టైంటేబుల్ మార్పించు. పదో తరగతి పీరియడ్‌ను లెక్కల మాస్టారు అడుగుతారు, సిలబస్ అయిపోలేదంటారు. స్టాఫ్ రూములో గొడవ పెట్టుకోకు, టైంటేబుల్ కాగితం పట్టుకుని నేరుగా హెడ్మాస్టరు గారి దగ్గరికి వెళ్లు. ఒకసారి ఇచ్చావా, ఆ పీరియడ్ ఇక తిరిగిరాదు.

ఆడపిల్లల విషయంలో నీకున్న చనువు నాకెప్పుడూ లేదు. 'కడుపునొప్పి మేడమ్' అన్న పిల్లను బలవంతం చేయకు, అలాగని ప్రతినెలా చెట్టు కిందికీ పంపేయకు. మెల్లగా నడవడం, ఒళ్లు సాగదీసే వ్యాయామాలు చేయించు. టాయిలెట్‌లో నీళ్లొస్తున్నాయో లేదో రోజూ నువ్వే చూడు, అది లేక బడే మానేసిన పిల్లలున్నారు. గేమ్స్ ఉన్న రోజు ట్రాక్ ప్యాంటుకు అనుమతి అడుగు, చున్నీతో ఖోఖో ఆడితే మెడకు చుట్టుకుంటుంది. 'ఎండలో నల్లబడిపోతే పెళ్లెలా' అని తల్లులు వస్తారు. విసుక్కోకుండా కుర్చీ వేసి కూర్చోబెట్టు. ఒలింపిక్ పతకం తెచ్చిన తొలి భారతీయ మహిళ కరణం మల్లేశ్వరిది మన శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేటేనని చెప్పు. 2000లో సిడ్నీలో ఆమె పతకం గెలిచిన రోజు మన పక్క ఊళ్లలో ఎంత సంబరం జరిగిందో ఆ తల్లుల్లో చాలామందికి గుర్తుంటుంది.

చేరగానే గ్రౌండంతా నడిచి గాజు పెంకులు, పొదలు, మూత లేని గుంతలు చూసుకో. నేల చదును చేయడానికి సర్పంచిని అడుగు, ఆటస్థలం పని ఉపాధి హామీలో చేయొచ్చు. ఓఆర్ఎస్ ప్యాకెట్లు, దూది, బ్యాండేజీ సంచిలో పెట్టుకో. గ్రౌండు పొడవు, వెడల్పు అడుగుల్లో కొలిచి, గేటు, చెట్లు, ఉత్తరం ఎటో గీసి ఫోన్లో పంపు. సూర్యుడు పిల్లల కళ్లలో పడకుండా కోర్టులు ఉత్తర దక్షిణాలుగా ఎక్కడెక్కడ పడతాయో గీసి వెనక్కి పంపుతాను.

ప్రేమతో,
మీ పెదనాన్న