మీ ప్రశ్నలు – మా జవాబులు: లిజ్ మెకోల్గన్ పరుగు

ప్రశ్న: స్కాట్లండ్ రన్నర్ లిజ్ మెకోల్గన్ 1988 సియోల్ ఒలింపిక్స్ 10,000 మీటర్లలో 31 నిమిషాల 8.44 సెకన్లకు రజతంతో సరిపెట్టుకుంది. 1991 టోక్యో ప్రపంచ చాంపియన్‌షిప్స్‌లో 31 నిమిషాల 14.31 సెకన్లకే స్వర్ణం గెలిచింది. వేగం తగ్గినా పతకం పెరిగిందెలా?

జవాబు: డండీలో పుట్టిన లిజ్‌కు చివరి 200 మీటర్లలో ఒక్కసారిగా దూసుకుపోయే వేగం తక్కువ. అందుకే ముందు నుంచే జోరు పెంచి, వెనకున్నవాళ్లను అలసిపోయేలా చేయడం ఆమె పద్ధతి. సియోల్‌లో ఎంత లాగినా సోవియట్ రన్నర్ ఓల్గా బొండారెంకో వదల్లేదు. చివరి ల్యాప్‌లో దాటేసి 3 సెకన్ల పైచిలుకు తేడాతో గెలిచింది.

టోక్యోలో విపరీతమైన ఉక్క. లిజ్ పద్ధతి మార్చలేదు. 400 మీటర్ల ల్యాపులు 25, ఒక్కోదానికి సగటున 75 సెకన్లు. అదే ఏడాది నెదర్లాండ్స్‌లోని హెంగెలోలో 30 నిమిషాల 57.07 సెకన్లలో పూర్తిచేసిన ఆమెకు ఇది అందని వేగమేమీ కాదు. కానీ ఆ ఉక్కలో వెంటపడినవాళ్లు ఒక్కొక్కరే జారిపోయారు. ఇథియోపియా రన్నర్ డెరార్టు తులు గట్టిగానే పట్టుకుని, చివరికి ఎనిమిదో స్థానానికి పడిపోయింది. రెండో స్థానంలోని చైనా రన్నర్ జోంగ్ హువాన్‌డీ దాదాపు 21 సెకన్లు వెనకబడింది. మా దృష్టిలో లిజ్ కెరీర్‌లో ఇదే శిఖరం.

ప్రశ్న: నాకూ ఫినిషింగ్ స్పీడ్ లేదు. ఆమెలా ముందుండి పరుగెత్తవచ్చా?

జవాబు: పరుగెత్తవచ్చు, కానీ లెక్క తప్పకూడదు. 10,000 మీటర్లకు 40 నిమిషాలు మీ లక్ష్యమైతే ల్యాప్‌కు 96 సెకన్లు, 200 మీటర్లకు 48. మొదటి ల్యాప్‌నే 88లో కొడితే ఆ మూల్యం ఆరో కిలోమీటరు తర్వాత చెల్లించాల్సి వస్తుంది. మొదటి రెండు ల్యాపులూ ప్రతి 200 మీటర్లకు వాచీ చూసుకోండి. లోపలి లేన్ వదలకండి; రెండో లేన్‌లో ల్యాప్ మొత్తం తిరిగితే సుమారు 7 మీటర్లు అదనం. వేగం పెంచితే కనీసం రెండు మూడు ల్యాపులు నిలబెట్టండి. అర ల్యాప్ జోరు చూపి తగ్గితే వెనకవాళ్లు తీరిగ్గా వచ్చి కలుస్తారు.

ముందుండే వేగం అవతలివాళ్లకు భారం కాకపోతే వాళ్లకు మీరు పేస్‌మేకర్ (ముందుండి వేగం అందించే రన్నర్) అయిపోతారు. 1992 బార్సిలోనా ఒలింపిక్స్‌లో లిజ్‌కు అదే జరిగింది: సగం రేసు ఆమె లాగింది, ఆపై దక్షిణాఫ్రికా రన్నర్ ఎలానా మేయర్, తులు ఆమెను వదిలి ముందుకెళ్లిపోయారు. లిజ్‌కు ఐదో స్థానం దక్కింది.

ప్రశ్న: కాన్పయిన కొన్నాళ్లకే ప్రపంచ విజేత అయిందట, నిజమేనా?

జవాబు: నిజమే. కూతురు ఐలిష్ 1990 నవంబరులో పుట్టింది. 1991 మార్చిలో ప్రపంచ క్రాస్ కంట్రీ (ట్రాక్ బయట, మైదానాల్లో పరుగు) పోటీల్లో కాంస్యం, ఆగస్టులో టోక్యో స్వర్ణం, నవంబరులో తొలి మారథాన్‌గా న్యూయార్క్‌లో 2:27:32తో విజయం. అయితే ఈ వరసను ఎవరూ కొలమానంగా పెట్టుకోవద్దు. కటి కండరాలు కోలుకోకముందే పరుగు మొదలుపెడితే మూత్రం ఆపుకోలేకపోవడం, నడుం నొప్పి రావచ్చు. సాధారణంగా కనీసం 12 వారాలు ఆగి, ఫిజియోథెరపిస్టుకు చూపించుకున్నాకే పరుగు మొదలుపెట్టాలి.

ప్రశ్న: తల్లి రికార్డులను కూతురు దాటిందా?

జవాబు: దాటింది. ఐలిష్ 2023లో 10,000 మీటర్లను 30 నిమిషాల 0.86 సెకన్లలో పూర్తిచేసి పౌలా రాడ్‌క్లిఫ్ బ్రిటిష్ రికార్డునే చెరిపేసింది. మారథాన్‌లో లిజ్ ఉత్తమ టైమింగ్ 2:26:52. 1997 లండన్‌లో ఒక్క సెకను తేడాతో రెండో స్థానంలో నిలిచినప్పటిది. 2025 లండన్‌లో ఐలిష్ 2:24:25తో దాన్నీ దాటింది. ప్రపంచ చాంపియన్‌షిప్ స్వర్ణం మాత్రం తల్లి దగ్గరే ఉంది.