నల్లమలలో చెట్లు లెక్కపెట్టబోయే మా అమ్మాయికి

చిట్టీ,

నీ ఉత్తరం అందింది. ఎమ్మెస్సీ ప్రాజెక్టుకు నల్లమల ఎంచుకున్నావంటే సంతోషమేసింది. కానీ ‘ఎన్ని జాతులున్నాయో రాసుకుంటే చాలు కదా పెదనాన్నా’ అన్నావు చూడు, అక్కడ ఆగిపోయాను.

రెండు చోట్ల వందేసి చెట్లున్నాయనుకో. రెంటిలోనూ నాలుగే జాతులు. ఒకచోట నల్లమద్ది, చిరుమాను, తునికి, ఏగిస తలా పాతిక. రెండోచోట చిరుమానే 97, మిగతావి ఒక్కొక్కటి. నీ లెక్కలో రెండూ సమానం. నడిచి చూస్తే అవి ఒకే అడవిలా ఉంటాయా? జాతుల సంఖ్యతో పాటు అవి ఎంత సమానంగా పంచుకున్నాయో కూడా చెప్పే అంకె షానన్ సూచిక. అది వేస్తే మొదటిదానికి 1.39, రెండోదానికి 0.17 వస్తాయి. ఇది సహజ లాగరిథమ్‌తో. నువ్వు ఏ లాగ్ వాడావో రిపోర్టులో రాయి, లేకపోతే ఇంకొకరి అంకెతో పోల్చలేం. తమాషా ఏంటంటే, ఆ సూత్రం అడవుల కోసం పుట్టలేదు. 1948లో క్లాడ్ షానన్ సందేశాల ప్రసారం గురించి రాసిన వ్యాసంలోది.

మొక్కలు లెక్కపెట్టడానికి అడవిలో తాడు కట్టి వేసే చదరాల కొలతలు నీకు తెలిసినవే: చెట్లకు పది మీటర్ల చదరం, పొదలకు అయిదు, గడ్డికి ఒకటి. చెట్టు చుట్టుకొలత నేల నుంచి 1.37 మీటర్ల ఎత్తున తియ్యి, వాలులో అయితే ఎగువ వైపు నిలబడి. అసలు చిక్కు ఆ చదరం ఎక్కడ వెయ్యాలన్నదే. నేను మొదటిసారి బద్ధకించి అన్నీ రోడ్డు పక్కనే వేశాను. ఎక్కడ చూసినా వయ్యారిభామ కలుపే! నెల రోజుల పని చెత్తబుట్టలో పోసి మళ్లీ మొదలుపెట్టాను. అందుకే మ్యాపు మీద గళ్లు గీసి, చీటీలు తీసి చోటు ఎంచుకో. ముళ్లకంపలో పడినా సరే, అక్కడికే వెళ్లు.

ఎన్ని చదరాలు చాలతాయని టెన్షన్ పడకు. ఒక్కోటి అయ్యాక అప్పటిదాకా మొత్తం ఎన్ని జాతులయ్యాయో గ్రాఫు గీస్తూ పో. గీత చదునయ్యేదాకా ఆపకు.

ఎండాకాలంలో ఆకు రాలి బెరడుతోనే చెట్టును గుర్తుపట్టాలి, గడ్డీగాదం కనిపించదు. వానలు పడ్డాక అవే చదరాలకు మళ్లీ వెళ్లాలి. టైగర్ రిజర్వు కాబట్టి అటవీశాఖ అనుమతి ముందే తీసుకో. చెంచు పెద్దను ఒకరిని వెంటబెట్టుకో, కూలి ఆయన అడగకముందే ఇవ్వు. ఆయన చెప్పిన చెట్టు పేరు ఉన్నదున్నట్టు రాసుకో, శాస్త్రీయనామం ఇంటికొచ్చాక వెతుక్కోవచ్చు.

నా పాత టేపు పంపిస్తున్నాను. మొదట్లో పది సెంటీమీటర్లు తెగిపోయింది, కొలిచిన ప్రతిసారీ ఆ పది తీసెయ్యి.

పెదనాన్న